ఆంటీ చెప్పమన్న మాట

మా పక్కింటి ఆంటీ పోయిన శనివారం పొద్దున కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆవిడ ఉన్న హాస్పిస్ నుంచి నర్సు నాకు ఫోన్ చేసింది. ముందు మాంచెస్టర్‌లో ఉన్న ఆవిడ తమ్ముడికి చేస్తే ఎత్తలేదట. ఎందుకు ఎత్తలేదో నాకు తెలుసు. ఆయన సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, పాటించే మనిషి. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటిపడేదాకా ఫోన్ ముట్టరు, కారెక్కరు. తెలిసి కూడా నాలుగుసార్లు చేశాను. ఆ ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది.

లండన్‌కి దగ్గర్లోని ఈ స్టీవెనేజ్‌లో మేము ఇల్లు కొన్న వారమే ఆవిడ తలుపు తట్టి, ఏ చెత్త బిన్ను ఏ రోజు బయట పెట్టాలో కాగితం మీద రాసిచ్చారు. ముఖ్యమైన చోట ఎర్రసిరా గీత. ముప్పై ఏళ్ళు లెక్కల టీచరు మరి. మా అమ్మాయి మధ్యలో ఒక మెట్టు ఎగ్గొట్టి జవాబు రాస్తే, అది సరైనదైనా ఊరుకునేవారు కాదు. "జవాబు ఎవరైనా చెప్తారు, దారి చూపించు" అనేవారు. పొద్దున్నే రేడియోతో గొడవపడేవారు. వార్తలు చదివేవాళ్ళకి ఆవిడ చెప్పే జవాబులు గోడ ఇవతలికి వినిపించేవి. మా ఆయనకి సగం వార్తలు అలాగే తెలిసేవి.

ఆంటీ యూదులు. వాళ్ళమ్మ హిట్లర్ రోజుల్లో చిన్నపిల్లగా వియన్నాలో ఒంటరిగా రైలెక్కి ఈ దేశం వచ్చిందట. వెనక ఉండిపోయినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అమ్మ నోట అదే విని పెరిగిన అక్కాతమ్ముళ్ళు చెరో పాఠం నేర్చుకున్నారు. మనకంటూ ఒక దేశం లేకపోతే మళ్ళీ అదే గతి అని తమ్ముడు. ఎవరి పిల్లలకీ ఆ గతి పట్టకూడదని అక్క. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఫోన్‌లో, టీ చల్లారేదాకా, యాభై ఏళ్ళు వాదించుకున్నారు.

ఇజ్రాయెల్ మీద దాడి జరిగిన రోజు ఆంటీ మా వంటింట్లో కూర్చుని ఏడ్చారు. తమ్ముడి కూతురు పిల్లలతో అక్కడే ఉంటుంది. ఆ అమ్మాయి క్షేమమని తెలిసేదాకా మంచినీళ్ళు కూడా తాగలేదు. తర్వాత గాజా మీద బాంబులు పడుతుంటే మళ్ళీ ఏడ్చారు. ఈసారి ఒక అట్ట మీద "నేను యూదురాలిని. నా పేరు చెప్పి పిల్లల్ని చంపొద్దు" అని రాసుకుని టౌన్ సెంటర్లో నిలబడ్డారు. ఆ ఫోటో ఎవరో తమ్ముడికి పంపారు. నా మనవలు బాంబు షెల్టర్లో పడుకుంటుంటే నువ్వు ఎవరి పక్కన నిలబడ్డావని ఆయన ఆ శుక్రవారం ఫోన్‌లో అడిగారట. ఆయన భయం ఉత్తది కాదని నాకు చెప్పింది కూడా ఆంటీయే. వాళ్ళ ప్రార్థన మందిరం సినగాగ్ గుమ్మంలో కాపలా ఉంటుందనీ, పిల్లలు బస్సులో యూదుల స్కూలు బ్యాడ్జి దాచుకుంటున్నారనీ చెప్పారు. అయినా ఆ రోజు కోపంతో ఫోన్ పెట్టేసింది ఆవిడే. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ చెయ్యలేదు.

ఒకసారి ఊరి కౌన్సిల్ మీటింగులో యుద్ధం గురించి ఆవిడకి మూడు నిమిషాలు మాట్లాడే అవకాశమిచ్చారు. కారులో తీసుకెళ్ళింది నేనే. హమాస్ ఎత్తుకుపోయిన బందీలను వదలాలి అన్నప్పుడు ఒక వైపువాళ్ళు గొణిగారు. బాంబులు ఆపాలి అన్నప్పుడు రెండో వైపువాళ్ళు కేకలేశారు. రెంటికి చెడ్డ రేవడి అయ్యారే అని నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆవిడ మాత్రం సీటుబెల్టు పెట్టుకుంటూ, "ఇద్దరికీ కోపం వచ్చిందంటే నిజమే చెప్పి ఉంటాను. లేదంటే రెండుసార్లు తప్పు చెప్పి ఉంటాను. ఇంటికెళ్ళి సరిచూసుకోవాలి" అన్నారు.

కేన్సర్ ఆవిడతో వాదనకి దిగలేదు, నాలుగు నెలల్లో పని ముగించింది. పోవడానికి రెండు రోజుల ముందు, గురువారం, నేను హాస్పిస్‌కి వెళ్ళేసరికి ఆవిడ గొంతు పీలగా ఉంది.

"మా తమ్ముడికి ఫోన్ చెయ్. నా అభిప్రాయం మారలేదని చెప్పు. అయినా రమ్మన్నానని చెప్పు."

బయటికొచ్చాక నర్సు ఆదివారం దాకా కష్టమే అంది.

మా కరీంనగర్ వైపు అలాంటి కబురు ఎవరూ సూటిగా చెప్పరు. మా నాన్న పోయినప్పుడు కూడా నాకు "నాయినకు జర పానం బాగలేదు, వీలైతే రా" అనే చెప్పారు. ఆ మాట వింటే చాలు, మనవాళ్ళు సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుని ఏడుస్తూ బయల్దేరతారు. మా ఆయన కూడా అదే అన్నాడు. "పెద్దాయన. ఒక్కపారే చెప్తే గుండె ఆగుతది. జర బాగలేదను, గంతే. సమజైతది."

ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసి నేను ఇంగ్లీషులో అదే చెప్పాను. ఆవిడకి కొంచెం బాగాలేదు, వీలైతే వచ్చి చూసి వెళ్ళండి అన్నాను. అభిప్రాయం మారలేదన్న ముక్క మింగేశాను. పుండు మీద కారం ఎందుకనుకున్నాను. ఆయన మర్యాదగా థాంక్స్ చెప్పి, సబ్బాతు అయ్యాక ఆదివారం వస్తానన్నారు. అప్పుడైనా నా నోరు పెగలాల్సింది. పెగల్లేదు.

సోమవారం ఖననం చేశారు. వాళ్ళలో మన్ను వేసే పారను చేతి నుంచి చేతికి అందించరు. మట్టిలో గుచ్చి తప్పుకుంటే తర్వాతివాళ్ళు తీసుకుంటారు. మా ఇంట్లో ఉప్పు కూడా చేతికివ్వం. తమ్ముడు గుచ్చిన పారను, ఆంటీతో టౌన్ సెంటర్లో అట్ట పట్టుకుని నిలబడిన ఒక ముసలావిడ తీసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆంటీ ఇంటికి వెళ్ళాను. వాళ్ళ సంతాపం ఆచారం ప్రకారం అద్దానికి దుప్పటి కప్పారు. తమ్ముడు పొట్టి కుర్చీలో కూర్చుని ఉన్నారు. పరామర్శకి వెళ్ళినవాళ్ళు ముందుగా మాట్లాడకూడదట, అందుకని ఎదురుగా కూర్చున్నాను. ఆయనే అడిగారు, అక్క సరిగ్గా ఏం చెప్పమంది అని.

చెప్పాను. నేను మింగేసినదీ, ఎందుకు మింగేశానో కూడా చెప్పాను. 

"మా అక్క జన్మలో 'వీలైతే' అనదు" అన్నారాయన. "పిలిచింది ఆవిడ కాదనుకున్నాను. మీరే జాలిపడి పిలుస్తున్నారనుకున్నాను. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే గురువారమే వచ్చేవాణ్ణి."

నేను క్షమించమని అడగలేకపోయాను. ఇంకా అడగలేదు. ఆయన ఆ మాట మళ్ళీ చెప్పమన్నారు. చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు.

తర్వాత, నాతో కాదు, దుప్పటి కప్పిన అద్దం వైపు తిరిగి, "నాదీ మారలేదు. వచ్చాను" అన్నారు.

ఆ తర్వాత మాట్లాడాల్సిన వంతు ఆవిడది. ఆయన తల కాస్త వంచి, వింటున్నట్టే కూర్చున్నారు.