అవ్వ విన్న సముద్రం

కొత్తగూడ వెళ్లే బస్సులో నా పక్కన ఒక అవ్వ కూర్చుంది. మాది విశాఖపట్నమని చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది.

"నా మనవరాలు గాడనే నర్సింగ్ సదువుతనంటే నేనే వద్దన్న. సముద్రం ఊర్లను మింగుతదట గద బిడ్డా?"

చిన్నప్పుడు ఆమె విన్న కథల్లో సముద్రం అదే పని చేసేదట. మా నాన్నమ్మ కథల్లో మాత్రం సముద్రం అన్నం పెట్టే తల్లి. రాక్షసులందరూ అడవిలోనే ఉండేవారు. అందుకే నాకు ఇప్పటికీ అడవంటే గుబులు. ఆ మాట చెబితే అవ్వ పకపకా నవ్వింది.

"రాక్షసులా? మా ఇల్లు అడివి నడుమనే ఉన్నది!"

నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. తర్వాత సెల్లు నా చేతికిచ్చి, మనవరాలికి ఫోన్ కలపమంది.

"పోయి సదువుకో బిడ్డా," అంది. "గని నీళ్లకాడ జర పైలం."