కాటా మీద కిలోన్నర నీళ్లు

ప్యాంటు జారిపోకుండా పురికొస కట్టుకుని తిరిగే వయసు నాది ఆ రోజుల్లో. డెబ్బైల చివర్లో జగ్గయ్యపేటలో నా అంత బక్కవాడు ఇంకొకడు లేడు. ఎదురుగాలి వీస్తే సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్లేవాణ్ని. అలాంటి నన్ను నేవీలో చేర్పించి తీరాలని మా నేవీ బాబాయ్ పట్టుబట్టాడు. (నాన్నకు పినతండ్రి కొడుకు. పదిహేనేళ్లు ఓడల మీద పనిచేసి వచ్చాడు.) "కండలు వాళ్లే పెంచుతార్రా. మాట మీద నిలబడేవాడు కావాలి అక్కడ. అది మాత్రం ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకోవాలి," అనేవాడు. వినీ వినీ నాకూ పంతం పుట్టింది. చేరితే నేవీలోనే చేరాలి, అంతే.

అడ్డమల్లా బరువే. ఉండాల్సినదానికి కిలోన్నర తక్కువ. నందిగామలో మిర్చి వ్యాపారం చేసే మా మావయ్య సంగతి విని తేలిగ్గా నవ్వేశాడు. "దీనికింత దిగులేంట్రా? కాటా ఎక్కించే ముందు మిరప బస్తాకి ఏం చేస్తాం? నీళ్లు చల్లుతాం. నువ్వు తాగు!"

విశాఖలో సెలక్షన్ రోజున పంపు దగ్గర చేరి ఊపిరాడనంతగా తాగాను. తీరా చూస్తే లైను కదలదు. అడుగు వేస్తే కడుపులో బిందె తొణికిన చప్పుడు. కాళ్లు మెలేసుకుని, పళ్లు బిగించి, గంటన్నర నిలబడ్డాను. (నా సర్వీసు మొత్తంలో అంత కఠినమైన డ్యూటీ మళ్లీ చెయ్యలేదు.) చివరికి కాటా ఎక్కితే ముల్లు సరిగ్గా ఆగింది. రాసుకుంటున్న ఆఫీసరు తెలుగాయనే. "పాస్. దిగు," అన్నాడు. నేను దిగలేదు. బాబాయ్ ముఖం కళ్ల ముందు మెదిలింది.

"సార్, ఇందులో కిలోన్నర నీళ్లండి."

"ఏంటీ?"

"మా మావయ్యది మిర్చి వ్యాపారమండి. తాగమన్నాడండి. అది నా బరువు కాదండి. ముందు బాత్రూమెక్కడో చెప్పండి సార్!"

హాలంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వకుండా నా పేరు కొట్టేశాడు. "బాగా తిని, మళ్లీ సెలక్షన్‌కి రా. తప్పకుండా రా," అన్నాడు.

చేతికొచ్చిన ఉద్యోగం కాలదన్నానని మావయ్య నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. బాబాయ్ మాత్రం రోజూ చెంబెడు గేదె పాలు పంపాడు. ఆర్నెల్ల తర్వాత సొంత బరువుతోనే నెగ్గాను.

తీరా ఓడెక్కాక మూడు రోజులు వాంతులే. వచ్చేస్తానని బాబాయ్‌కి ఉత్తరం రాశాను. కార్డు మీద జవాబొచ్చింది: "ఆ రోజు నిజం చెప్పి పేరు కొట్టేయించుకున్న నిన్ను వాళ్లు మళ్లీ రమ్మన్నారు. నీలాంటివాళ్లే దిగిపోతే అక్కడ ఎవరు మిగుల్తారు? ఇంకొక్క నెల ఉండు." ఉన్నాను. ఆ నెల పదిహేనేళ్లయింది.

ఆ తర్వాత ఉద్యోగంలోనూ ఇంట్లోనూ చెప్పాల్సిన నిజాలు కొన్ని చెప్పకుండా మింగేశాను. కాటా మీద నిలబడ్డ ఆ బక్కవాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడి ముందు కాస్త సిగ్గూ వేస్తుంది.