పూతరేకుల మధ్య సందు

రావులపాలెంలో బస్సెక్కగానే పాపను ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మూడేళ్లు నిండినా దాన్ని పక్కన కూర్చోబెట్టాలంటే నాకు భయం. కిటికీ దగ్గరున్న అమ్మాయి పవర్ బ్యాంకుకు ఫోను తగిలిస్తుంటే, "అది పేలదు కదండీ?" అని అడిగేశాను.

ఆమె నవ్వలేదు. "వేడెక్కితే వెంటనే తీసేస్తానండి," అంది. తను బ్యాటరీల మీదే పరిశోధన చేస్తోందట, లిథియం బదులు సోడియంతో.

"సోడియమంటే ఉప్పులో ఉండేదేగా?"

"అదేనండి. మా బ్యాటరీ మాత్రం పప్పులోకి పనికిరాదు." ఒళ్లో ఉన్న పూతరేకుల డబ్బా తెరిచింది. "మేం వాడేవీ ఇలాంటి రేకులే, కంటికి ఆననంత పల్చన. చార్జింగ్ పెడితే సోడియం వీటి మధ్యకు దూరుతుంది, వాడుతుంటే బయటికొస్తుంది. లిథియం కన్నా పెద్దది కదా, చోటెక్కువ కావాలి. ఈ రేకులేమో ఒకదానికొకటి అంటుకుపోతాయి. పీహెచ్‌డీలో చేరినప్పట్నుంచీ నాకు వీటితోనే గొడవ."

"విడదీస్తే రాలిపోవా?"

"పూర్తిగా విడదీయమండీ. కాస్త సందు ఉంచుతాం, అంతే."

పాప డబ్బా కోసం గింజుకుంది. ఆమె ఒక పూతరేకు తీసింది గానీ దానికివ్వకుండా, నా వంక చూస్తూ ఆగింది. నేను చేతులు వదులు చేశాను. పాప మా మధ్యకు జారి, అరటి గెలల లారీలు చూస్తూ, ఒళ్లంతా పొడి చేసుకుంటూ తిన్నది.

రాత్రి ఇంట్లో ఇది రాస్తుంటే పాప నా పక్కన మంచం మీద నిద్రపోతోంది. మా ఇద్దరి మధ్య జానెడు చోటు వదిలాను. ఊపిరి ఆడుతోందా అని రెండుసార్లు చూశాననుకోండి.