రెడీ అన్న మాట

ఇన్నేళ్ళుగా ఒక తప్పును మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళు నా వైపు కాస్త ఎక్కువసేపు చూస్తే చాలు, వీళ్ళకెవరైనా చెప్పారేమోనని ఇప్పటికీ అనుమానం.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతం. బెంగళూరు మారతహళ్ళిలో రింగురోడ్డు పక్కన ఒక గ్యారేజీలో పనిచేసేవాణ్ణి. కారు కంప్యూటర్ చెప్పేది చదివే స్కానర్ పట్టేది నేనొక్కణ్ణే. ఇంగ్లీషు చదవగలనని కొంచెం పొగరు కూడా. పానా పట్టేది హనుమంతప్ప. యాభై దాటిన మనిషి. నాకు పని నేర్పినవాడు.

బెళ్ళందూరు నుంచి ఒకాయన కారు అమ్ముకోవాలి, బాగుచేయమని తెచ్చాడు. ఇంజిన్ లైటు వెలుగుతోంది. సెన్సర్ పోయిందని నేను తేల్చేశాను. హనుమంతప్ప కొత్తది వేశాడు. మర్నాడు లైటు మళ్ళీ వెలిగింది. పోయింది సెన్సర్ కాదు, పొగను శుభ్రం చేసే కన్వర్టర్. పొరపాటు పడ్డానని చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఎవరూ చూడకుండా స్కానర్ తగిలించి, కారు కంప్యూటర్‌లో నమోదైన ఆ ఫిర్యాదును చెరిపేశాను. లైటు ఆరింది.

కారులోని కంప్యూటర్ అంత అమాయకం కాదు. చెరిపితే లైటుతో పాటు అది అంతవరకూ చేసుకున్న పరీక్షలూ పోతాయి. మళ్ళీ కొన్నాళ్ళు రోడ్డు మీద తిరిగితే సెన్సర్లనూ కన్వర్టర్‌నూ ఒక్కొక్కటిగా తనే పరీక్షించుకుని, అయినదాని ఎదురుగా 'రెడీ' అని చూపిస్తుంది. అప్పటిదాకా 'నాట్ రెడీ'. అంటే చెడిందని కాదు, ఇంకా చూసుకోలేదని. కొనేవాళ్ళు పంపిన మనిషి తన స్కానర్ పెట్టి చూశాడు. వరసగా అన్నీ నాట్ రెడీ. ఎవరో నిన్నో మొన్నో చెరిపారని చెప్పి, కారు వద్దని వెళ్ళిపోయాడు.

గ్యారేజీ ఓనరు మా ఇద్దరినీ పిలిచాడు. ఆయనది హైదరాబాదు, ఇక్కడికి వచ్చి ఏడాది కాలేదు.

"ఇన్‌స్పెక్షన్‌కి ఈ కారును రెడీ చేసిందెవరు?"

"నేనే సార్ రెడీ చేసింది" అన్నాడు హనుమంతప్ప, ధైర్యంగా.

బెంగళూరులో రెడీ చేయడమంటే రిపేరు చేయడం. తెగిన చెప్పు కుట్టినా, మిక్సీ బాగుచేసినా రెడీ చేసినట్టే. కన్నడం నుంచి ఇక్కడి తెలుగులోకి వచ్చిన వాడుక. సెన్సర్ మార్చానని ఆయన చెప్పాడు. మోసానికి తయారుచేశానని ఓనరు విన్నాడు. ఆ తేడా తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే. నోరు విప్పలేదు.

"ఇతను స్కానర్ ముట్టడు కదా, ఎలా చెరిపాడు?" అంటూ ఓనరు నా వైపు తిరిగాడు.

"బ్యాటరీ వైరు పీకినా చెరిగిపోతుంది సార్."

అందులో అబద్ధం లేదు. అందుకేనా అంత తేలిగ్గా వచ్చింది? మౌనంగా ఉండి ఉంటే పిరికివాణ్ణి అనుకుని సరిపెట్టుకునేవాణ్ణేమో, కానీ నన్ను నేను కాపాడుకోవడానికి ఆయన మెడకు చుట్టే మాట వెతికి మరీ అన్నాను. ఆ మధ్యాహ్నమే ఆయన్ని పనిలోంచి తీసేశారు. సంచిలో పానాలు సర్దుకుంటూ నన్నడిగాడు:

"ఏమప్పా, రెడీ చేసినానంటే సారుకు అంత కోపమేల వచ్చె? ఆ మాటలో తప్పేముండాది?"

"ఏమో అన్నా" అన్నాను.

నిజంగా తెలియకే అడిగాడా? లేక అంతా తెలిసి, నా నోటితోనే చెప్పించాలని చూశాడా? దొడ్డబళ్ళాపురంలో మగ్గాల మోటార్లు బాగుచేస్తున్నాడని తెలిసి ఒకసారి వెళ్ళాను. కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. ఆ కాఫీ ఆప్యాయతా, ఎత్తిపొడుపా అని తిరిగొచ్చే బస్సులో దారంతా అనుమానమే. తప్పు చేసింది నేను, అనుమానించింది ఆయన్ని.

పోయిన నెల ఆయన చనిపోయాడని తెలిసింది. ముందు నాకు కలిగింది దుఃఖం కాదు, ఇక ఎవరికీ తెలియదన్న ధీమా. నామీద నాకే అసహ్యం వేసింది. అందుకే, ఆ రోజు ఓనరుతో అనాల్సిన మాట మీకు రాస్తున్నాను.

హనుమంతప్ప ఏమీ చెరపలేదు సార్. చెరిపింది నేను.

ఈ రెండు ముక్కలు రాయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.