అంజయ్య తాత బిగించిన తోలు

వరిగడ్డి కాలే వాసన తగిలితే ఇప్పటికీ నిలబడిపోతాను. ఎవరో పొలంలో కొయ్యకాళ్లకు నిప్పు పెట్టారని తెలుసు. అయినా ఆ పొగ వెనకాల డప్పు మోగుతుందని చెవి ఎదురుచూస్తుంది. మోగదు.

అంజయ్య తాత మా పక్కింటాయన. చావైనా, బోనాలైనా, రాష్ట్రం వచ్చిన నాటి సంబురమైనా ముందు గుప్పెడు గడ్డి వెలిగించి, తోలు బిగిసేలా డప్పును కాచేవాడు. నేను ఆ వాడకు కోడలిగా వచ్చి, బట్టలు కుడుతూ, తీరిక దొరికితే కల్వకుర్తి గ్రంథాలయానికి పోయి చదువుకున్నదాన్ని. చదివిందంతా ఆయనకు వినిపించాలి, లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఒకసారి డప్పు మీద రాసిన పుస్తకం దొరికింది. దరువుల పేర్లన్నీ కాగితం మీదికి ఎక్కించుకొచ్చి గొప్పగా చదివాను.

"మస్తుగున్నది బిడ్డా. తోలు ఎంతసేపు కాగాల్నో రాసిండా అండ్ల?"

"లేదు తాతా."

"అయితే ఆయన వానకాలం ఎన్నడు కొట్టలే."

తోలు కాగిందని ఎలా తెలుస్తుందని అడిగాను. డప్పును నా చెవి దగ్గరికి తెచ్చి గోటితో మీటాడు. "ఇంక గొణుగుతాంది, ఇన్నవా? జర ఆగాలె. పిలిస్తే పలికినట్టు రావాలె. ఎక్కువ కాగితే పగుల్తది, మల్ల అతుకదు." నాకు తేడా వినిపించలేదు. అయినా తెలిసినట్టు తలూపాను. మళ్ళీ అడగవచ్చులే అనుకున్నాను.

ఆయన పోయిన మరుసటేడు ఊరంతా కలిసి ఆయన పేరున డప్పుల పండుగ పెట్టింది. వచ్చిన పిల్లలందరి మెడల్లో ప్లాస్టిక్ డప్పులు. వాటికి నిప్పుతో పని లేదు. తాత డప్పుకు పసుపు పూసి, తడి పూలదండ వేసి, కుర్చీలో పెట్టారు. ఆయన చేత్తో బిగించిన తోలు అదొక్కటే మిగిలింది. మొదటి దెబ్బ దాని మీదే పడాలన్నారు. లారీ నడిపే ఆయన కొడుకు రాములన్న పుల్ల తీసుకుని కొట్టాడు. తడి మూట మీద కొట్టినట్టయింది.

"గిదేనా అంత పేరున్న డప్పు?" ఎవరో నవ్వారు. రాములన్న తల దించుకున్నాడు.

తాత గురించి నేను రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టాను. "గడ్డి తే అన్నా."

"పగిల్తే ఎట్ల చెల్లె? నాయినది గిదొక్కటే ఉన్నది."

"పూలేసి కూసోబెడితే మాత్రం ఉన్నట్టానే?"

రాములన్న గడ్డి తెచ్చి తనే వెలిగించాడు. మంటకు ఎడంగా డప్పును తిప్పుతూ గోటితో మీటాను. గొణిగింది. తిప్పాను. గొణిగింది. ఇక చాలని చెప్పే మనిషి లేడు. మళ్ళీ మీటాను. ఎవరో పిలిస్తే వీధి చివరి నుంచి పలికినట్టు వచ్చింది. ఆనాడు వినిపించని తేడా అదే.

రాములన్న కొట్టాడు. నవ్వినవాళ్లు లేచి నిలబడ్డారు.

సాయంత్రానికి తోలు చల్లబడి మళ్ళీ మూగబోయింది. ఏటా పండుగ పొద్దున ఆ డప్పును నేనే కాస్తాను. మీటిన ప్రతిసారీ, విని సరేననే మనిషి కోసం పక్కకు చూస్తాను.