లావణ్య వెతికిన పిల్ల గెలాక్సీ

కొత్తగూడలో మా మేడమీది రెండు గదులు లావణ్యకు అద్దెకిచ్చింది తొంభై ఎనిమిది జూన్‌లో. అంతకు ముందు ఉన్నవాళ్లంతా కంప్యూటర్ కుర్రాళ్లు. ఈమె పెట్టెల్లో బట్టలకన్నా కాగితాలే ఎక్కువ. ముప్పై నాలుగేళ్లు, పెళ్లి లేదు, ఊరు ప్రొద్దుటూరు. ఏం పని చేస్తావని అడిగితే ఆకాశం చూసే పని అంది.

"జాతకాలా?" అన్నాను.

"కాదు పెద్దమ్మా. జాతకాలైతే సొంత ఇల్లే కట్టుకునేదాన్ని."

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా ఆమె పనేమిటో అర్థమయ్యేదాకా వదల్లేదు. మనం ఉన్న పాలపుంత ఒక పెద్ద గెలాక్సీ, అంటే కోట్లకొద్దీ నక్షత్రాల గుంపు. దాని చుట్టూ చిన్న చిన్న గెలాక్సీలు తిరుగుతుంటాయి. వాటిలో నక్షత్రాలు తక్కువ, వెలుతురు తక్కువ. ఎదురుగా ఉన్నా అంత తొందరగా కంటపడవు. అలాంటిదొకటి కొత్తగా పట్టుకోవాలని ఆమె పట్టుదల. "పెద్దది ఎలా పెరిగిందో తెలియాలంటే ఈ పిల్ల గెలాక్సీలనే అడగాలి" అనేది.

అడగడమంటే లెక్కపెట్టడమే. తను పనిచేసే పరిశోధనశాల నుంచి, పెద్ద దూరదర్శినితో తీసిన ఫోటోల నకళ్లు తెచ్చేది. ఒక్కొక్కటి దిండు గలీబంత ఉండేది. అందులో ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లచుక్కల్లా ఉంటాయి. దాని మీద పెన్సిలుతో గళ్లు గీసి, భూతద్దం పెట్టి, ఒక్కో గడిలో ఎన్ని చుక్కలున్నాయో రాసుకోవాలి. చుట్టుపక్కల గళ్లకన్నా ఒకచోట చుక్కలు ఎక్కువగా ఉంటే అక్కడ పిల్ల గెలాక్సీ ఉండొచ్చు. మిషన్ చేత లెక్కించే వసతి ఆమెకు లేదు. ఒక్క జత కళ్లతో చేస్తే ఏళ్లు పడుతుంది.

అందుకని గేటుకు ఒక అట్ట కట్టింది. ఆదివారం మూడింటికి ఎవరైనా రావచ్చు, ఆకాశం గురించి చెబుతాను, పనిలో సాయపడండి అని. మొదట కర్నూలు అబ్బాయి హేమంత్ వచ్చాడు. హైటెక్ సిటీలో కొత్తగా కట్టిన గుండ్రటి భవనంలో ప్రోగ్రాములు రాస్తాడు. వెంట అతని ఆఫీసు స్నేహితులు నలుగురు. తర్వాత అదే భవనం ఊడ్చే యాదమ్మ, గేటు దగ్గర కాపలా ఉండే చంద్రయ్య వచ్చారు. ఇద్దరిదీ భువనగిరి పక్క.

మొదటి వారం ఆఫీసువాళ్లు కుర్చీల్లో కూర్చుంటే వీళ్లిద్దరూ గుమ్మం బయట మెట్ల మీద కూర్చున్నారు. రెండో వారానికి గదిలో కుర్చీలు లేవు. లావణ్య అన్నీ మా సామాన్ల గదిలో పడేసి చాపలు పరిచింది. ప్యాంటు నలుగుతుందని ఇద్దరు మళ్లీ రాలేదు. పోతే పోయారంది.

ఇక టీ సంగతి. పనివాళ్లకు మా ఇంట్లో గ్లాసులు వేరే, దాచడానికేముంది. లావణ్య కిందికొచ్చి అన్ని గ్లాసులూ ఒకే పళ్లెంలో సర్దింది.

"ఇదేందమ్మాయ్, నా వంటింట్లో నీ పెత్తనం?"

"సరే పెద్దమ్మా, టీ పైనే పెడతాను. ఆ వంటిల్లు నాదే కదా."

నోరు నాకొక్కదానికే ఉందనుకున్నాను అంతవరకు.

పనిలో యాదమ్మను మించినవాళ్లు లేరు. అక్షరాలు రావుగానీ అంకెలు వేయగలదు. హేమంత్ ఒక గడి ముగించేలోపు ఆమె నాలుగు ముగించేది.

"బియ్యంల రాళ్లేరిన కండ్లు సార్ ఇవి. మీయి టీవీ జూసిన కండ్లాయె" అని ఏడిపించేది.

తొంభై తొమ్మిది మార్చిలో ఒక ఫోటో దగ్గర లావణ్య ఆగిపోయింది. నడిమి గళ్లు హేమంత్ లెక్కపెట్టాడు, వాటి చుట్టూ ఉన్నవన్నీ యాదమ్మ. రెండూ కలిపితే మధ్యలో చుక్కలు స్పష్టంగా ఎక్కువ. మూడుసార్లు కూడి చూసింది. జూన్‌లో ఆమె తాత్కాలిక ఉద్యోగం గడువు ముగుస్తుంది. కొత్తది ఒక్కటి చూపిస్తే మూడేళ్లు పొడిగిస్తానని పై అధికారి లింగమూర్తి మాటిచ్చి ఉన్నాడు. రిపోర్టు రాసేసింది. సోమవారం ఇవ్వాలి. ఆదివారం ఫోటో గోడకు అంటించి అందరికీ మైసూర్‌పాక్ పంచింది.

యాదమ్మ తను చేసిన గళ్లు చంద్రయ్యకు చూపించి మురిసిపోతోంది. హేమంత్ భూతద్దం పట్టుకుని వంగాడు.

"ఈ గడిలో సున్నా రాశావేంటి యాదమ్మా? చుక్క ఉందిగా!"

"ఉంది సార్. గా చుక్క పోచమ్మ తల్లిది."

"ఏంటీ?"

"మొదటిది తల్లికి ఇడిషిపెట్టాలె గద. కల్లంల వడ్లు కొలిచేటప్పుడు మొదటి మానిక తల్లి పేరు మీద పక్కకు పోసి, అటెన్క లెక్క షురూ జేస్తం. మొదటిది ఎవలన్న లెక్కవెడ్తరా?"

"ప్రతి గడిలోనూ వదిలేశావా?"

"గడి గడికి కొత్త కుప్పనే గద సార్!"

హేమంత్ పకపకా నవ్వి, నవ్వు మధ్యలోనే ఆపేశాడు. లావణ్య నవ్వలేదు. ఫోటో గోడ నుంచి తీసి చాప మీద పరిచి, యాదమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, చుట్టూ గళ్లన్నీ మళ్లీ చూసింది. ఒక్కో గడికి ఒక్కో చుక్క పెరుగుతూ వచ్చింది. గంటన్నరకు నడిమి గళ్లకూ పక్క గళ్లకూ తేడా లేకుండా పోయింది.

"చదువు లేనివాళ్లకు ఇలాంటి పని ఇస్తే ఇంతే" అన్నాడు హేమంత్ స్నేహితుడొకడు.

యాదమ్మ లేచి నిలబడింది. "నా వల్లనే ఖరాబయింది మేడమ్. ఇగ నేను రాను."

"కూర్చో యాదమ్మా. ఎలా లెక్కపెడతావని నేను ఒక్కసారైనా అడిగానా? ఒకరు చేసింది ఇంకొకరు మళ్లీ చూడాలి. ఆ మాట తెలిసీ తొందరలో దాటేసింది నేను." తర్వాత ఆ స్నేహితుడి వైపు తిరిగింది. "చదువుకున్నదాన్ని నేనే కదా బాబూ. ఆ మాటేదో నన్ను అను."

అందరూ వెళ్లాక హేమంత్ మెల్లిగా అన్నాడు. "మేడమ్, రిపోర్టు రెడీగా ఉంది. ముందు ఎక్స్‌టెన్షన్ రానివ్వండి. తర్వాత కరెక్ట్ చేసుకోవచ్చు."

నాకూ అదే సబబనిపించింది. "అబ్బాయి చెప్పేదాంట్లో తప్పేముంది?" అన్నాను.

"నా మాట నమ్మి ఇంకెవరో అక్కడ దూరదర్శిని పెట్టి నెలలు పోగొట్టుకుంటారు పెద్దమ్మా. వాళ్లకు ఏం జవాబు చెప్పను?"

సోమవారం పాత లెక్కా కొత్త లెక్కా రెండూ పట్టుకెళ్లి లింగమూర్తి బల్ల మీద పెట్టింది. నిజాయితీని మెచ్చుకుంటున్నాను గానీ పొడిగింపు దరఖాస్తులో దాన్ని రాయడానికి చోటు లేదన్నాడట. జూన్‌లో ఉద్యోగం పోయింది. ఒక పూట తలుపేసుకుంది. నేను అన్నం పైకి పంపితే తినకుండా గిన్నె కిందికి పంపింది. పదిహేను రోజులకు బాచుపల్లి దగ్గర కొత్తగా పెట్టిన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పనిలో చేరింది.

యాదమ్మ అన్నంత పనీ చేసి మానేసింది. లావణ్య హఫీజ్‌పేట్‌లో ఆమె గుడిసె వెతుక్కుంటూ పోయి, ఏం మాట్లాడిందో గానీ, వెంటబెట్టుకుని వచ్చింది. అప్పట్నుంచి ప్రతి ఫోటోనూ ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టేవారు. మొదలుపెట్టే ముందు ఎవరి పద్ధతి వాళ్లు నోటితో చెప్పాలి. చెప్పించినప్పుడు తెలిసింది, గీత మీద పడ్డ చుక్కను హేమంత్ రెండు గళ్లలోనూ వేస్తున్నాడు. చదువు లేనివాళ్లని నోరు జారిన కుర్రాడు అప్పుడు తలెత్తలేదు.

ఏడాది చివరికి ఆమె అంతకుముందే తెచ్చిపెట్టుకున్న తొమ్మిది ఫోటోలూ ముగిశాయి. గెలాక్సీ లేదు. ఆ సంగతే నాలుగు పేజీలు రాసి లావణ్య ఒక పత్రికకు పంపితే వేశారు.

"ఏం దొర్కలేదని గూడ అచ్చేస్తరా మేడమ్?" అన్నాడు చంద్రయ్య.

"వేస్తారు. వెతికిన చోటే మళ్లీ వెతక్కుండా ఉండాలిగా."

లెక్కపెట్టినవాళ్ల పేర్లన్నీ చివర చిన్న అక్షరాల్లో ఉన్నాయి. యాదమ్మ తన పేరు మీద వేలు పెట్టించుకుని చూసింది. లావణ్య ఒక కాపీ లింగమూర్తికి కూడా పంపింది. జవాబు రాలేదు. ఎదురుచూసే తీరిక ఆమెకూ లేదు. ఇంటర్ పిల్లల పరీక్ష పేపర్లు రెండు కట్టలు బల్ల మీద ఉన్నాయి.