గోడవైపు తిరిగి మాట్లాడు

మనిషి నోరు తెరిచి ఒక మాటంటే, బయటికొచ్చేదాంట్లో మాటెంత, తడెంత? ఆ నేలమాళిగ గదిలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ ఎదురయ్యే మొదటి ప్రశ్న అదే. అప్పుడూ ఎవరూ జవాబు చెప్పలేకపోయారు, ఇన్నేళ్ళయినా దొరకనూలేదు.

"తెలీదు కదూ? అయితే గోడవైపు తిరిగి మాట్లాడు," అనేవాడు అక్కడ కూర్చునే పెద్దాయన. ఆఫీసులో అందరూ ఆయన్ని ఊపిరాయన అనేవారు.

ఆయన పిచ్చి అదొక్కటే. ఆయనకి ఎదురుగా నిలబడి ఎవరూ మాట్లాడకూడదు. బల్ల మీద పరిచిన నల్లగుడ్డపై అరచేయంత గాజుబిళ్ళ ఒకటి ఉండేది. దానికి ఊపిరి తగిలితే ఇంకేమైనా ఉందా! అందుకని వచ్చినవాళ్ళు ముందు తలుపు మూయాలి, తర్వాత వీపు ఆయనకీ మొహం గోడకీ పెట్టి, వచ్చిన పని చెప్పుకోవాలి. తలుపు ఒక్క క్షణం తెరిచి ఉంచినా "తలుపు!" అని కేక పడేది. ఆ కేకకి కొత్తవాళ్ళు గుమ్మం బయటే నిలబడిపోయి మళ్ళీ తిట్లు తినేవారు.

కిటికీలు గీయడం ఆయన ఉద్యోగం. ఇళ్ళకి కాదు, లేజరు గొట్టాలకి. పై హాల్లో ఇనుపరేకులు కోసే లేజరుంది. దాని కాంతి పొడవాటి గొట్టంలోంచి కోతబల్ల దాకా ప్రయాణించాలి. లోపలికి దుమ్మూ తేమా దూరకుండా గొట్టానికి రెండు కొసలా గాజు కిటికీలు పెట్టి, గాలి చొరనంతగా మూసేయాలి. గాజు మీద వేలిముద్ర పడినా, తుమ్ము తుంపర పడినా కాంతి అక్కడ చిక్కుకుని కాల్చేస్తుంది. బిళ్ళ టప్పున పగులుతుంది. ఊరందరి గొట్టాలకీ కిటికీలు గీసిన మహానుభావుడి గదికి మాత్రం కిటికీ లేదు. పగలే దీపం, గోడలకి చెమ్మ, నెత్తిమీద పైపులో ఎవరో చేతులు కడుక్కున్న చప్పుడు.

ఒకసారి పెద్దసారు మండిపడుతూ దిగివచ్చాడు. "ఈ నెల కూడా డ్రాయింగు ఆలస్యమైతే..." అని వేలెత్తాడో లేదో, "గోడవైపు, గోడవైపు!" అన్నాడు ఊపిరాయన. పెద్దసారు తిరిగాడు. గోడని ఎంతసేపని తిట్టగలడు ఎవడైనా? కాసేపు అరిచాడు. కాసేపు గొణిగాడు. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పి సంగతి చెప్పాడు, కొడుకు మాట వినడం లేదన్నాడు. చివరికి "సరే, నిదానంగానే చెయ్యండి" అని గోడకి చెప్పి పైకెళ్ళిపోయాడు.

ఫిట్టరు ఇంకో రకం. సెలవు కోసం దెబ్బలాడదామని వచ్చి, గోడకి నుదురానించి, తన తల్లికి ఆపరేషనని చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. వెనకనుంచి ఓదార్పు ఏమీ రాలేదు. "ముక్కు చీదకు, తుంపర్లు లేస్తాయి" అని మాత్రం వినిపించింది. సెలవు మాత్రం సాయంత్రానికల్లా మంజూరైంది. అలా నుదుళ్ళు ఆని ఆని ఆ గోడ మీద ఒకచోట జిడ్డుమచ్చ కట్టింది. ఆఫీసంతా దాన్ని గుడిగడప అని చెప్పుకుని నవ్వేది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకామె ఊపిరాయనకి సాయంగా వచ్చేనాటికి ఆ మచ్చ బాగా నల్లబడింది. ఆమెకి బల్ల పై హాల్లో వేసి, కొత్త పొడుగు గొట్టానికి కిటికీ గీసే పని అప్పగించారు. మొదటిది పరీక్షలో పగిలింది. రెండోదీ పగిలింది. పెద్దసారు కబురు పంపాడు: మూడోది కూడా పోతే ఆమెకి ఇక్కడ పని లేదు. ఇంట్లో భర్తకి ఉద్యోగం పోయి ఏడాది కావస్తోంది. ఆయన మంచం దిగడు, పెదవి విప్పడు. ఇల్లు గడిచేది ఆమె జీతం మీదే.

ఆ కబురు పట్టుకుని గదిలోకొచ్చింది.

"తలుపు!"

మూసింది.

"గోడవైపు."

"ఇంట్లోనూ గోడతోనే మాట్లాడుతున్నానండీ. ఇక్కడా గోడేనా?"

"ఈ గోడ వింటుంది. చెప్పమ్మా."

ఆమె చెప్పింది. ఎవరికీ చెప్పుకోనివన్నీ చెప్పింది. వంటింట్లో కుళాయి విప్పి ఆ చప్పుడులో ఏడవడం, అన్నం పెట్టి పిలిస్తే పలకని మనిషి, తనకే ఎప్పుడో పిచ్చెక్కుతుందన్న భయం. వెనక కుర్చీ కిర్రుమనలేదు. ఆమె చెప్పడం ముగించాక ఆయన అడిగాడు:

"గాజు చుట్టూ రింగు ఎంత బిగించావు?"

"ఎంత బిగుస్తే అంత."

"ఎందుకంత?"

"లీకవుతుందేమోనని భయమండీ."

"వేడెక్కితే గాజు ఒళ్ళు విరుచుకుంటుంది తల్లీ. విరుచుకోడానికి నువ్వు చోటేదీ ఇచ్చావు? ఇనుము దాన్ని తాకనే కూడదు. మధ్యలో రబ్బరు వలయం వెయ్యి. అది కాస్త నలిగితే చాలు, గాలి రాదు."

ఆమె గీసినదంతా చెరిపి మళ్ళీ గీసింది. మూడో పరీక్ష ఊపిరాయన ఉద్యోగానికి ఆఖరి రోజున పడింది. లేజరు వెలిగింది. గొట్టం వేడెక్కింది. హాలంతా బిగుసుకుపోయి చూస్తోంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కాంతి పోతూనే ఉంది, కిటికీ చెక్కుచెదరలేదు. పెద్దసారు "ఇక ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుంది" అన్నాడు. ఆ అనడం కూడా అలవాటుగా గోడవైపు తిరిగే అన్నాడు.

పైన వీడ్కోలు టీలు పోశారు. ఊపిరాయన రాలేదు. పిలుద్దామని ఆమె కిందికి దిగింది. గదిలో ఎవరూ లేరు. మొట్టమొదటిసారిగా ఆమె బల్లవైపు తిరిగి నిలబడింది. ఇన్నాళ్ళూ అందరూ గోడని చూసినవాళ్ళే కానీ గాజుని చూసినవాళ్ళు లేరు. వంగి చూసింది. గాజుబిళ్ళ ఈ అంచునుంచి ఆ అంచుదాకా పగిలి ఉంది. పగులులో దుమ్ము పేరుకుంది.

స్టోరుకి వెళ్తూ ఫిట్టరు తొంగిచూశాడు.

"ఇది పగిలిపోయిందేంటి?" అంది.

"ఆ ముక్కా? నేను చేరకముందే పగిలిందమ్మా. మంచివి ఈ చెమ్మలో ఎవరు పెడతారు? అవి స్టోర్లో మూతేసిన డబ్బాల్లో ఉంటాయి. దీన్ని పారేస్తానంటే ఆయన నన్ను కొట్టినంత పని చేశాడు," అంటూ వెళ్ళిపోయాడు.

"తలుపు!"

ఊపిరాయన సంచీతో లోపలికొచ్చాడు. బల్ల దగ్గర ఆమెని చూసి ఆగాడు.

"నిన్నెవరు ఇటు తిరగమన్నారు?"

"ఊపిరి తగిలితే పాడవడానికి ఇందులో ఏముందండీ?"

ఆయన సంచీ తాడు సర్దుకున్నాడు. "ఎదురుగా మొహం చూస్తే ఏమైందని అడగాలనిపిస్తుంది. అడిగితే ఎవరూ చెప్పరు. పైగా..." ఆగాడు. "ఏడుస్తున్నవాళ్ళని చూడటం నాకు చేతకాదమ్మా."

ఆమె బల్ల దగ్గరనుంచి పక్కకి జరిగింది.

"నువ్వు కూర్చో," అని తన కుర్చీ చూపించాడు. "గాజు చూస్తూ ఉండు. తల తిప్పకు."

కూర్చుంది. ఆయన వెళ్ళి జిడ్డుమచ్చకి మొహం పెట్టి నిలబడ్డాడు. ఎందరికో నేర్పిన పని, తనెప్పుడూ చెయ్యని పని. ఆమె పగిలిన గాజుని కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది. వెనకనుంచి ఒక్క మాటా రాలేదు. పైపులో నీళ్ళు పారాయి, ఆగాయి. ఆయనలాగే ఆమె కూడా ఏమీ అడగలేదు.

చాలాసేపటికి "సార్, టీ చల్లారిపోతుంది" అంది.

తల తిప్పి చూస్తే గోడ దగ్గర ఎవరూ లేరు. మచ్చకి జానెడు పైన, పొడుగు మనిషి నుదురు ఆనేచోట కొత్త తడి ఉంది. సంచీ లేదు. జన్మలో మొదటిసారి ఆయన తలుపు బార్లా తీసి పోయాడు. మెట్ల మీది దుమ్మంతా తీరుబడిగా లోపలికొస్తోంది.

"తలుపు!" అని అరిచింది ఆమె, అచ్చం ఆయన గొంతుతో. అరిచాక నవ్వొచ్చింది. లేచి తలుపు మూయబోయి, మూయకుండానే వచ్చి కుర్చీలో కూర్చుంది.